మూడు లైన్ల మెయిల్‌కి రెండు గంటలు

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత ఎం.కాం. పెళ్లయ్యాక గుంటూరు వచ్చి ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో లెక్కలు చూసే పనిలో చేరారు. విదేశీ బయ్యర్లకి మెయిల్స్ రాసే ఆయన మానేయడంతో ఆ పని కూడా ఈవిడ మీద పడింది. దానికి జీతం కొంత పెంచారు. సరుకు గురించి ఆవిడకి తెలియనిది లేదు. ఏ గోడౌన్‌లో ఏ లాట్ ఉంది, దేంట్లో తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువ, ఏది ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో ఉంచింది), ఏది కొత్త కాయ అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం చేతులు ఆడవు.

మొన్న సీజన్‌లో హాలండ్ బయ్యర్ ఒకాయన, కాయలో రంగు తక్కువ వచ్చిందని ల్యాబ్ రిపోర్ట్ పంపాడు. ఆ శాంపిల్ ఏ లాట్ నుంచి తీశారో అడగాలనుకుని ఈవిడ "వి హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ల్యాబ్ రిపోర్ట్" అని రాశారు. మా ల్యాబ్ మీద నమ్మకం లేకపోతే బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోండి, ఖర్చు మీదే, అని జవాబొచ్చింది. చివరికి ఓనర్ గారు ఫోన్ చేసి సర్దుబాటు చేశారు. ఆ రోజు నుంచి మూడు లైన్ల మెయిల్‌కి రెండు గంటలు పడుతోంది. ఓనర్ గారేమో ఇంగ్లీష్ ఇంకా బరువుగా ఉండాలంటారు. వాళ్ల నాన్నగారి కాలం నాటి ఉత్తరాలు తీసి చూపిస్తారు. ఓనర్ గారి బంధువుల అబ్బాయి ఒకడు కొత్తగా చేరాడు, కాన్వెంట్ చదువు. ఈవిడ రాసినదాన్ని ఏఐ టూల్‌లో వేసి మార్చేసి, అందరి ముందూ పైకి చదువుతాడు. ఈవిడ రోజూ పది కొత్త మాటలు బట్టీ పడుతున్నారు, ఫలితం లేదు. బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాలా, లేక భర్త చెప్పినట్టు పెరిగిన జీతం వదులుకుని తిరిగి లెక్కల పనికే వెళ్లిపోవాలా? ఇదీ ఆవిడ ప్రశ్న.

సమాధానం:

ముందుగా ఒక మాట. మీ ఉత్తరం తెలుగులో ఉంది. నాలుగు పేజీల్లో నేను రెండోసారి చదవాల్సి వచ్చిన వాక్యం ఒక్కటీ లేదు. ఎవరు ఏమన్నారు, ఎప్పుడన్నారు, తర్వాత ఏమైంది అన్నీ వరసలో ఉన్నాయి. రాయడం చేతకానివాళ్లు అలా రాయలేరు. మీకు రాయడం వచ్చు. ఇంగ్లీషులోకి దిగేసరికి ఏదో అడ్డం పడుతోంది. అది మీరనుకుంటున్నట్టు మాటల కొరత అని నాకనిపించడం లేదు.

ఆ "డౌట్" సంగతే తీసుకోండి. అది మీ ఒక్కరి తప్పు కాదు. మన క్లాసుల్లో పిల్లలు చెయ్యెత్తి "సార్, డౌట్" అంటారు. అంటే అడగాల్సింది ఒకటి ఉందని. దేశంలో ఎవరికి చెప్పినా అలాగే అర్థమవుతుంది. బయటి దేశంలో మాత్రం డౌట్ అంటే "నాకు నమ్మకం కలగడం లేదు" అని. మీరు అడిగారు, అతనికి నిలదీసినట్టు వినిపించింది. "వి హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద రిపోర్ట్. విచ్ లాట్ వజ్ ద శాంపిల్ ఫ్రమ్?" అని ఉంటే ఆ మధ్యాహ్నానికే జవాబు వచ్చేది.

ఇలాంటివి మన ఆఫీసుల్లో ఇంకా ఉన్నాయి. జవాబిస్తాం అనడానికి మనం "రివర్ట్" అంటాం. ఆ మాటకి బయట అసలు అర్థం పాత స్థితికి వెళ్లిపోవడం. "రిప్లై" చాలు. అనుకున్న తేదీ కన్నా ముందే పెట్టుకోవడాన్ని "ప్రీపోన్" అంటాం. ముచ్చటైన మాట, నాకిష్టమే, నిఘంటువుల్లోకీ ఎక్కింది. కానీ హాలండ్‌లో వాడికి అర్థమవుతుందన్న నమ్మకం లేదు. "అవుట్ ఆఫ్ స్టేషన్" అంటే అతను రైల్వే స్టేషన్ కోసం వెతుక్కుంటాడు. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. మిర్చి యార్డులో క్వింటాళ్లు, లక్షలు మనకి అలవాటు. అక్కడ టన్నులు, మిలియన్లు నడుస్తాయి. రెండు లక్షల కిలోలు అని కాకుండా 200 టన్నులు అని రాయండి. తేదీని 05/06 అని రాస్తే మనకది జూన్ 5, అమెరికా వాడికి మే 6. కంటైనర్ విషయంలో నెల తేడా అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. నెల పేరు అక్షరాల్లో రాసేయండి, గొడవుండదు.

ఇక ఓనర్ గారికి బాగా నచ్చిందని మీరు జతచేసిన మెయిల్ దగ్గరికి వద్దాం. "విత్ రిఫరెన్స్ టు ది అబవ్ సబ్జెక్ట్, ఇట్ ఈజ్ హియర్‌బై ఇన్ఫార్మ్డ్ దట్ ద మెటీరియల్ ఆఫ్ సుపీరియర్ క్వాలిటీ ఈజ్ అండర్ ప్రాసెస్ అండ్ ద సేమ్ విల్ బి డిస్పాచ్డ్ అట్ ది ఎర్లియెస్ట్. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్."

వ్యాకరణం సంగతి పక్కన పెడదాం. దీన్ని ఆ బయ్యర్ గుమాస్తా కుర్చీలో కూర్చుని చదవండి. మెటీరియల్ అంటే ఏ మిర్చి రకం? తేజానా, 334నా? సుపీరియర్ అంటే ఎంత? అండర్ ప్రాసెస్ అంటే తొడిమలు తీయిస్తున్నారా, గ్రేడింగ్ అవుతోందా, బస్తాలకి ఎత్తేశారా? ఎర్లియెస్ట్ అంటే ఏ వారం? నీడ్‌ఫుల్ అంటే అతను చేయాల్సింది ఏమిటి, డబ్బు కట్టడమా, కాగితం పంపడమా? ఒక్కదానికీ జవాబు లేదు. అతను మళ్లీ మెయిల్ పెట్టి అడగాలి. మీరు మళ్లీ రెండు గంటలు కూర్చోవాలి.

నిజానికి ఆ రోజు మీ దగ్గర ఉన్న సమాచారం మీ ఉత్తరంలోనే రాశారు: తొడిమ తీయించడం అయిపోయింది, తేమ 11 శాతం లోపు ఉంది, మార్చి 12న కంటైనర్ లోడ్ చేస్తాం, 8వ తేదీలోగా అతను ఇంపోర్ట్ పర్మిట్ పంపాలి. అయితే మెయిల్ ఇలా ఉండొచ్చు: "యువర్ తేజా చిల్లీస్ ఆర్ రెడీ, వితౌట్ స్టెమ్స్. మాయిశ్చర్ ఈజ్ బిలో 11 పర్సెంట్. వి విల్ లోడ్ ద కంటైనర్ ఆన్ 12 మార్చ్. ప్లీజ్ సెండ్ అస్ ద ఇంపోర్ట్ పర్మిట్ బై 8 మార్చ్." ఇందులో మీకు తెలియని మాట ఒక్కటి చూపించండి. "గుడ్ కలర్", "బెస్ట్ క్వాలిటీ" లాంటివి ప్రతి ఎగుమతిదారూ రాస్తాడు, బయ్యర్ చూపు వాటి మీద నిలవదు. మసాలా వ్యాపారంలో రంగుకి ఆస్టా విలువ అని ఒక కొలత ఉంది, కారానికి స్కోవిల్ యూనిట్లు ఉన్నాయి. ల్యాబ్ ఇచ్చిన అంకె చేతిలో ఉంటే విశేషణం వెతుక్కోనక్కర్లేదు.

ఆ "ఇట్ ఈజ్ ఇన్ఫార్మ్డ్" ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మన ఆఫీసు కాగితాల్లో ఉండే "తెలియజేయడమైనది" కదా అది! ఎవరు తెలియజేశారో చెప్పకుండా తెలియజేయడం. దీనికి తోడు తెలుగులో ఇంకో వెసులుబాటు ఉంది. "పంపించాం" అంటే చాలు, పంపింది మేమే అని క్రియలోనే ఉంటుంది. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు, కర్త విడిగా కావాలి. మనం అలవాటు కొద్దీ కర్తని వదిలేసి, వాక్యం నిలబడక "ఇట్ ఈజ్", "ద సేమ్ విల్ బి" అని ఊతకర్రలు పెడతాం. రాసే ముందు పని ఎవరిదో తేల్చుకుని ఆ మనిషితోనో కంపెనీతోనో వాక్యం మొదలుపెడితే సగం మెలికలు వాటంతటవే విడిపోతాయి.

ఇక్కడే ఇంకో మెలిక. మనకి "మేము" వేరు, "మనం" వేరు. ఇంగ్లీషులో రెండూ "వి". "వి షుడ్ చెక్ ద శాంపిల్స్ అగైన్" అంటే మీ కంపెనీ చూస్తుందా, అతనూ మీరూ కలిసి చూడాలా? మీ మనసులో "మేము" ఉంటుంది, అతను "మనం" అని చదువుకుని తన ల్యాబ్‌కి శాంపిల్స్ వస్తాయని కూర్చుంటాడు. అనుమానం వచ్చిన చోట "అవర్ క్వాలిటీ టీమ్ విల్ చెక్" అని రాయండి.

మే, షుడ్, విల్, మస్ట్ అన్న నాలుగు చిన్న మాటలకి మీరు బట్టీ పడుతున్న పది పెద్ద మాటల కంటే ఎక్కువ సమయం ఇవ్వండి. డబ్బు పోయేదీ వచ్చేదీ వీటి దగ్గరే. "ద షిప్ మే లీవ్ ఆన్ ద ట్వెల్త్" అంటే బయల్దేరవచ్చు, బయల్దేరకపోనూవచ్చు. "విల్ లీవ్" అంటే మాట ఇచ్చారు. "షుడ్ రీచ్ బై ద ట్వెంటియెత్" అంటే చేరుతుందని మీ అంచనా, పూచీ కాదు. మన "చేరాలి"లో అంచనా, ఆజ్ఞ రెండూ ఉన్నాయి కాబట్టి షుడ్ రాసేటప్పుడు తడబడతాం. అతను తప్పనిసరిగా చేయాల్సింది ఉంటే "మస్ట్" అని మొహం మీద కొట్టినట్టు రాయక్కర్లేదు, "ప్లీజ్" పెట్టి తేదీ చెప్పండి. తేదీయే గట్టిగా మాట్లాడుతుంది.

ఓనర్ గారి విషయం కొంచెం సున్నితం. ఆయన కోరేది గౌరవం. బరువైన ఇంగ్లీష్ రాస్తే కంపెనీ పెద్దదిగా కనిపిస్తుందని ఆయన నమ్మకం. అందులో చరిత్ర ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. 1066లో నార్మన్లు ఇంగ్లాండుని గెలిచాక దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. జనం నోట్లో పాత ఇంగ్లీష్ అలాగే ఉండిపోయింది. 1362లో కోర్టుల్లో ఇంగ్లీష్ మాట్లాడొచ్చని చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది కూడా ఫ్రెంచిలోనే లెండి. అందుకే ఆ భాషలో ఒక పనికి రెండేసి మాటలు మిగిలాయి: బిగిన్ ఇంటి మాట, కమెన్స్ దర్బారు మాట. బై, పర్చేజ్. ఎండ్, టెర్మినేట్ (ఇది లాటిన్ నుంచి వచ్చింది). హెల్ప్, అసిస్ట్. మనకి వాడుక భాషా గ్రాంథికమూ ఉన్నట్టే. ఆ రెండో వరస మాటలు తప్పేమీ కాదు, కాంట్రాక్టులో టెర్మినేట్ ఉండాల్సిన చోట అదే ఉండాలి. రోజువారీ మెయిల్‌లో అవి ఎందుకన్నదే ప్రశ్న. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం అంత పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం గ్రాంథికవాదులమే!

ఆ ఇంగ్లీషు వాళ్లేమో ఎప్పుడో మారిపోయారు. 1948లోనే బ్రిటన్ ఖజానా శాఖ కోరితే సర్ ఎర్నెస్ట్ గవర్స్ అనే అధికారి, ప్రభుత్వోద్యోగులు సాదా మాటల్లో ఎలా రాయాలో ఒక చిన్న పుస్తకం రాశాడు. అమెరికా 2010లో ఏకంగా చట్టమే చేసింది, ప్రభుత్వ శాఖలు జనానికి అర్థమయ్యేలా రాయాలని. "డు ద నీడ్‌ఫుల్" కూడా ఇంగ్లాండులోనే పుట్టి, అక్కడ వాడుక తగ్గిపోయి, మన ఆఫీసుల్లో నిలబడిపోయిన మాట. ఓనర్ గారి నాన్నగారు ఆ ఉత్తరాలు రాసిన రోజుల్లో అది మర్యాదే. ఆయన్ని తక్కువ చేయనక్కర్లేదు.

ఈ చరిత్ర పాఠం ఓనర్ గారికి చెప్పమని నేననడం లేదు. చెబితే మీకే ఇబ్బంది. మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఒకటి, ఆయన చెప్పినట్టే రాసుకుంటూ పోవడం. గొడవుండదు, కానీ బయ్యర్ల తిరుగు ప్రశ్నలు తగ్గవు, వాటికి మాట పడేది మీరే. రెండోది, ఆయనకి నచ్చే మర్యాదని మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ ఉంచి, మధ్యలో విషయాన్ని సాదాగా రాయడం. "థాంక్యూ ఫర్ యువర్ ఆర్డర్" అని మొదలుపెట్టి, కంపెనీ పేరు నిండుగా రాసి ముగించండి. ఆయనకి ఉత్తరం ఉత్తరంలాగే కనిపిస్తుంది. నాకైతే ఇదే తేలికగా అనిపిస్తోంది, కాకపోతే ఆయన ఒకటి రెండుసార్లు "ఇదేంటమ్మా, మరీ పొట్టిగా ఉంది" అనడం ఖాయం. అప్పుడు మూడోది: బయ్యర్ పంపిన మెయిల్ ఒకటి ప్రింట్ తీసి పక్కన పెట్టండి. "సార్, వాళ్లు ఇలా రాస్తున్నారు, మనమూ వాళ్ల పద్ధతిలోనే ఇద్దామా?" అని అడగండి. కొనేవాడి పద్ధతి అంటే వ్యాపారి కాదనడు. ఆయనకి మంచి మూడ్ ఉన్న రోజు చూసుకోండి, యార్డులో రేటు పడిన రోజు మాత్రం వద్దు.

ఆ అబ్బాయి సంగతి. ఏఐ టూల్ వాడటం తప్పేమీ కాదు, మీరూ వాడొచ్చు. స్పెల్లింగులు, ప్రిపోజిషన్లు బాగానే సరిచేస్తుంది. "డిస్కస్ అబౌట్"లో ఆ అబౌట్ అక్కర్లేదని అదే చెబుతుంది. అది గోడౌన్‌లోకి వెళ్లి కాయ చూడలేదు, చూసింది మీరు. మీరు "ఓల్డ్ క్రాప్" అని రాస్తే "ఏజ్డ్" అని మార్చిందని రాశారు. ఏజ్డ్ అంటే చీజ్‌కి గొప్ప, మిర్చికి కాదు. దానికన్నా ప్రమాదం ఇంకోటి ఉంది, మీ ఉత్తరం మూడో పేజీలోనే ఉంది. మీరు "వి విల్ ట్రై టు లోడ్ దిస్ వీక్" అని రాసినదాన్ని ఆ అబ్బాయి తీసుకెళ్లి "వి ఎన్ష్యూర్ టైమ్‌లీ డిస్పాచ్" అని తెచ్చాడు. అది భాష సవరణ కాదు, కంపెనీ తరఫున మీరు ఇవ్వని హామీ. ఓనర్ గారికి చెప్పాల్సింది ఇది ఒక్కటే: "మార్చుకోండి సార్, కానీ పంపే ముందు తేదీలు, అంకెలు, హామీలు నేను ఒకసారి చూస్తాను." ఇందులో ఆ అబ్బాయి మీద ఫిర్యాదు లేదు, మీ పని మీ చేతిలో ఉంటుంది. పైకి చదివి నవ్వించే అలవాటు గురించి అతనితోనే, ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి సూటిగా చెప్పండి. ఓనర్ బంధువు కాబట్టి మారకపోవచ్చు కూడా. అందరి ముందూ తగువు మాత్రం పెట్టుకోకండి, అక్కడ బంధుత్వం గెలుస్తుంది.

రోజుకి పది మాటల బట్టీ ఇవాళే ఆపేయండి. అర్థం ఒకటే అని పక్కపక్కన ఇచ్చిన మాటలు చాలాసార్లు ఒకటి కావు. చీప్, ఇనెక్స్‌పెన్సివ్ రెండూ చవకే, కానీ మీ సరుకుని మీరే చీప్ అంటే నాసిరకం అని ధ్వనిస్తుంది. ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు ఈ తేడా చెప్పదు, వరసగా నాలుగు తెలుగు మాటలు ఇచ్చి ఊరుకుంటుంది. విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో ఒక లెర్నర్స్ డిక్షనరీ వెతకండి. మాట పక్కనే వాక్యం ఉంటుంది. వాక్యం చదవండి, అర్థం తర్వాత.

దానికన్నా మంచి పుస్తకం మీ ఇన్‌బాక్స్‌లోనే ఉంది. మీకు మెయిల్స్ పంపే బయ్యర్లలో అర్థమయ్యేలా రాసేవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకోండి. తాలు కాయని వాళ్లేమంటున్నారు? డిస్‌కలర్డ్ పాడ్స్ అంటున్నారా? ఆలస్యాన్ని ఎలా చెబుతున్నారు, కాదనాల్సి వస్తే మర్యాదగా ఎలా అంటున్నారు? ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. మీ పనికి కావాల్సిన మాటలు కొన్ని వందలకి మించవు, అవన్నీ అక్కడే తిరుగుతుంటాయి. వాళ్ల మాట వాళ్లకే తిరిగి రాస్తే అపార్థానికి చోటుండదు. అందరినీ ఎంచుకోకండి, బయ్యర్లలోనూ వంకర ఇంగ్లీష్ రాసేవాళ్లు బోలెడుమంది.

కోర్సు మాటకొస్తే, స్పోకెన్ ఇంగ్లీష్ మాట్లాడటానికి. ఫోన్‌లో బయ్యర్‌తో మాట్లాడాలంటే భయం అని కూడా రాశారు కాబట్టి దానికి పనికొస్తుంది, మీ మెయిల్స్ సమస్యకి మాత్రం పెద్దగా కాదు. సీజన్‌లో మీకు ఎలాగూ ఖాళీ ఉండదు. వేసవిలో యార్డుకి సెలవులిచ్చి పని పలచబడ్డప్పుడు, ఫీజు కట్టే ముందు రెండు క్లాసులు ఉచితంగా కూర్చోనిస్తారేమో అడిగి చేరండి.

లెక్కల పనికి తిరిగి వెళ్లడం ఓటమి అని నేననను. నిద్ర పట్టడం లేదన్నారు, మీవారు ఆ మాట అనడంలో న్యాయం ఉంది. వెళ్తే టెన్షన్ తగ్గుతుంది, జీతం తగ్గుతుంది. లాట్ల గురించి అన్నీ తెలిసిన మనిషి ఒక చోట, మెయిల్స్ రాసే మనిషి ఇంకో చోట అవుతారు కాబట్టి ఆ అబ్బాయి మిమ్మల్ని అడిగే రాయాల్సి వస్తుంది. అంటే పని మీది, పేరు అతనిది. అది మీకు సమ్మతమేనా అన్నది మీరే చూసుకోవాలి. నా సలహా అడిగితే, పైన చెప్పిన పద్ధతిలో ఈ సీజన్ నడిపి చూసి, అప్పటికీ నిద్ర పట్టకపోతే వెళ్లండి. మీవారికీ ఆ గడువు చెప్పేయండి, రోజూ అదే చర్చ ఉండదు.

చివరగా, పంపడానికి ధైర్యం చాలక ఆపేశానని కాగితం వెనక రాసిన మెయిల్ చూశాను. "వి ఆర్ లోడింగ్ యువర్ కంటైనర్ టుడే ఓన్లీ. ఐ విల్ సెండ్ ఫోటోస్ బై ఈవెనింగ్." మీరు చెప్పదలుచుకున్నది "ఇవాళే లోడ్ చేస్తున్నాం, రేపటికి పోదు" అని. ఆ ఓన్లీ ఉంటే, ఇవాళ ఒక్కరోజే లోడింగ్, మిగిలితే మిగిలినట్టే అని అతను చదువుకుంటాడు. దాన్ని తీసేయండి. మిగతాది సరిగ్గానే ఉంది. ఈపాటికి ఆ కంటైనర్ వెళ్లిపోయి ఉంటుంది, తర్వాతి దానికి అలాగే పంపించేయండి, ఎవరికీ చూపించక్కర్లేదు.